కాటా నుంచి ఖాతా దాకా: చిన్న కంపెనీ పద్ధతి మీదకి ఎప్పుడు రావాలి?

కైకలూరు, ఆకివీడు వైపు చేపల ప్యాకింగ్ షెడ్లలో ఒక లోడు ఎలా కదులుతుందో చూసినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. చెరువులో వల పడుతుంది. శీలావతి, బొచ్చె ట్రేలకెక్కి కాటా మీదకి వస్తాయి. ఐస్ పొడి కొట్టి బాక్సుల్లో నింపుతారు. లారీ హౌరా వైపో గౌహతి వైపో బయల్దేరుతుంది. ఇంత పనిలో కాగితం మీద ఉండేది చాలాచోట్ల ఒక చిన్న చీటీ మాత్రమే. మిగతాదంతా ఓనర్ తలలో, ఆయన ఫోన్లో ఉంటుంది. ఎవరి చెరువు, ఎన్ని కిలోలు, మేత బాకీ పోను రైతుకి ఎంత ఇవ్వాలి, ఐస్ ఎక్కడ తెచ్చారు, అవతలి కమీషన్ ఏజెంట్ ఏ రేటుకి ఒప్పుకున్నాడు, అన్నీ ఆయనకే తెలుసు. ఒక లారీకి ఇది బాగానే నడుస్తుంది. మూడు లారీల దాకా కూడా లాక్కురావొచ్చు. తర్వాత ఎక్కడో ఒకచోట తెగుతుంది.

ఇది చేపల వ్యాపారం ఒక్కదాని సంగతే కాదు. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల హోల్‌సేల్, ఏలూరులో ఇంట్లో మొదలుపెట్టిన పచ్చళ్ల బ్రాండ్, కాలేజీ అయిపోయిన ముగ్గురు కుర్రాళ్లు కలిసి పెట్టిన ఆక్వా యాప్, అన్నింటికీ ఒకే ప్రశ్న వస్తుంది. రూల్స్, రిజిస్టర్లు, రాతకోతలు, ఎవరు ఏం చేయాలన్న పద్ధతి, ఇవన్నీ ఎప్పుడు పెట్టాలి? ముందే పెడితే పని నెమ్మదిస్తుంది. ఆలస్యంగా పెడితే అప్పటికే ఏదో ఒకటి పోయి ఉంటుంది. డబ్బో, పేరో, భాగస్వామితో స్నేహమో.

"పది మంది పనివాళ్లు దాటితే", "కోటి టర్నోవర్ వస్తే" అని ఒక అంకె చెప్పేస్తుంటారు. చట్టానికి అంకెలు కావాలి కాబట్టి అక్కడ సరే. వ్యాపారానికి అంకె కంటే మంచి కొలత ఒకటుంది. అది దూరం. పని చేసే మనిషికీ, ఆ పనికి డబ్బిచ్చే మనిషికీ, జవాబు చెప్పాల్సిన మనిషికీ మధ్య దూరం ఎంత? ముగ్గురూ ఒకే షెడ్డులో ఉంటే నోటిమాట చాలు. ఒకరు 2 వేల కిలోమీటర్ల అవతల ఉంటే చాలదు.

2018లో ఏం జరిగింది?

ఈ దూరం సంగతి కొల్లేరు చుట్టుపక్కల వ్యాపారులకి 2018 జూలైలో గట్టిగా తెలిసొచ్చింది. ఆంధ్ర నుంచి వచ్చిన చేపల శాంపిళ్లలో ఫార్మాలిన్ కనపడిందని చెప్పి అస్సాం ప్రభుత్వం మన చేపల్ని పది రోజులు ఆపేసింది. అదే నెలలో గోవా కూడా బయటి రాష్ట్రాల చేపల్ని నిలిపేసింది. 2019 జనవరిలో పాట్నాలో ఆంధ్ర చేపల అమ్మకం మీద 15 రోజుల నిషేధం పడింది. శవాలు పాడవకుండా వాడే రసాయనం చేపల్లో ఉందన్న వార్త టీవీల్లో తిరిగితే కొనేవాడి పరిస్థితి ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

చేపలో సహజంగానే కొంచెం ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. కలిపిందెంత, పుట్టిందెంత అన్న వాదన అప్పుడు చాలా నడిచింది. తర్వాత ఎఫ్ఎస్ఎస్ఏఐ సహజంగా ఉండే మోతాదుకి పరిమితులు ఖరారు చేసింది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ నిమిషాల్లో తేల్చే టెస్ట్ కిట్ కూడా తయారు చేసింది. ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ పది రోజుల్లో మంచి ఐస్ మాత్రమే వాడిన వ్యాపారి లారీ, రసాయనం కలిపిన వ్యాపారి లారీ, రెండూ ఒకటే అయిపోయాయి. నిజాయితీగా చేసినవాడు తన నిజాయితీని చూపించడానికి చేతిలో ఏం ఉంది? ఈ బాక్సు ఏ చెరువుది, ఏ రోజు పట్టారు, ఐస్ ఏ ప్లాంటుది, లోడు చేసేముందు ఎవరు టెస్ట్ చేశారు అని చూపించే కాగితం ఉంటే కనీసం మాట్లాడటానికి నోరుంటుంది. లేకపోతే అది కూడా లేదు.

లాట్ నంబర్ అంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తేదీ, చెరువు నంబర్, షెడ్డు గుర్తు కలిపి బాక్సు మీద మార్కర్‌తో రాసి, అదే అంకెని ఒక పుస్తకంలో ఎక్కించి, లోడు పోయేముందు ఫోటో తీసుకుంటే మొదటి మెట్టు అయిపోయినట్టే. రొయ్యల ఎగుమతిలో ఉన్నవాళ్లు ఇది ఎప్పటి నుంచో చేస్తున్నారు. అవతల యూరప్, అమెరికా కొనుగోలుదారులు యాంటీబయాటిక్ అవశేషాల గురించి అడుగుతారు, చూపించకపోతే కంటైనర్ వెనక్కి వస్తుంది. దేశంలో అమ్ముడుపోయే చేపకి అంత గట్టిగా అడిగేవాడు లేకపోబట్టి ఇక్కడ ఆలస్యమైంది. అడిగేవాడు వచ్చేదాకా ఆగితే, వాడు నిషేధంతో సహా వస్తాడు.

అన్నింటికంటే ముందు అప్పు

పద్ధతులన్నీ ఒకేసారి పెట్టడం ఎవరి వల్లా కాదు. మరి మొదటిది ఏది? డబ్బు, అందులోనూ అప్పు. దీనికి మాత్రం "ముందే పెట్టకండి" అన్న సలహా పనిచేయదు. మొదటి రోజు నుంచి ఉండాల్సిందే.

మన ప్రాంతంలో చేపల సాగు మొత్తం అప్పు మీద నడుస్తుంది. మేత డీలర్ తవుడు, చెక్క బాకీకి ఇస్తాడు, పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటాడు. కమీషన్ ఏజెంట్ ముందే అడ్వాన్స్ ఇచ్చి పంట తనకే రావాలంటాడు. చెరువు లీజు, పిల్ల, మేత, మందులు, కూలీ అన్నీ కలిసి నెలల తరబడి పేరుకుపోయిన లెక్క ఒక్క రోజు కాటా దగ్గర తేలాలి. ఆ రోజు రైతు లెక్కకీ డీలర్ లెక్కకీ తేడా వస్తే ఎవరి మాట నిలుస్తుంది? పుస్తకం ఉన్నవాడిదే నిలుస్తుంది. అందుకే పుస్తకం ఒకరి దగ్గరే ఉండకూడదు. ఇద్దరి దగ్గరా ఉండాలి, నెలకోసారి ఇద్దరూ సంతకం పెట్టాలి.

ముస్లిం వ్యాపారులకి ఇది కొత్తగా చెప్పాల్సిన విషయం కాదు. ఖురాన్‌లో అన్నింటికంటే పొడవైన ఆయత్, సూరె బఖరాలో 282వది, నమాజు గురించో రోజా గురించో కాదు, అప్పుని రాసుకోవడం గురించే. గడువు పెట్టి తీసుకున్న బాకీ చిన్నదైనా పెద్దదైనా రాయాలని, రాసేవాడు న్యాయంగా రాయాలని, సాక్షులుండాలని అందులో ఉంది. అయినా "మనవాడే కదా, రాతెందుకు" అనే మాట మన బజార్లలోనే ఎక్కువ వినపడుతుంది. అవతలివాడి మీద అనుమానంతో రాసుకునేది కాదు ఇది. ఇద్దరిలో ఒకరు మర్చిపోవచ్చు, ఒకరు చనిపోవచ్చు. అప్పుడు పిల్లలు గొడవ పడకుండా ఉండటానికి రాసుకుంటారు. ఇంకో సంగతి, లెక్కల కోసం తెలుగులో రోజూ వాడే మాటల్లో సగం ఉర్దూ, ఫార్సీల నుంచి వచ్చినవే. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, దస్తావేజు. మాటలు తీసుకున్నాం, అలవాటు మాత్రం అందరికీ రాలేదు.

భాగస్వాముల విషయమూ ఇంతే. ఇద్దరు బావమరుదులు, ముగ్గురు క్లాస్‌మేట్లు కలిసి మొదలుపెడతారు. ఎవరు ఎంత పెట్టారు, ఎవరు జీతం తీసుకుంటారు, ఒకరు వెళ్లిపోతే వాటా ఎలా కడతారు అన్నది లాభం రాకముందే రాసుకోవాలి. లాభం వచ్చాక ఎవరి లెక్క వాళ్లకి ఎక్కువ కనపడుతుంది. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టర్ కాని ఫర్మ్ కూడా చెల్లుతుంది. కానీ అలాంటి ఫర్మ్ తనకి బాకీ ఉన్న బయటివాడి మీద ఒప్పందం ఆధారంగా కోర్టులో దావా వేయలేదు. ఒక భాగస్వామి ఇంకో భాగస్వామి మీద ఒప్పందం అమలు చేయమని వేయడం కూడా కష్టమే. ఈ ఒక్క విషయం తెలియక లక్షల్లో వసూళ్లు వదులుకోవాల్సిన పరిస్థితి వస్తుంది. ఫర్మ్ రిజిస్ట్రేషన్‌కి అయ్యే ఖర్చు ఒక ట్రే చేపల ధర ముందు పెద్దదేం కాదు.

ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా వేరు చేయడం కూడా మొదటి రోజు పనే. ఒకే ఫోన్‌పే నంబర్‌కి కూరగాయల డబ్బు, కస్టమర్ డబ్బు కలిసి వస్తే ఏడాది చివర లాభమో నష్టమో ఏ ఆడిటరూ చెప్పలేడు.

ఓనర్ ఊళ్లో లేకపోతే?

మిగతా పద్ధతులకి టైమ్ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. ఓనర్ హజ్‌కి వెళ్లాడనుకోండి, సుమారు 40 రోజులు. లేదా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజుల దీక్షలో ఉండి పని తగ్గించుకున్నాడనుకోండి. ఆ రోజుల్లో సరుకు వెళ్తుందా, డబ్బు వస్తుందా, జీతాలు పడతాయా? "నన్ను అడగకుండా ఏమీ కదలదు" అని కొందరు గొప్పగా చెప్పుకుంటారు. అది గొప్ప కాదు, ఆ వ్యాపారానికి ఉన్న జబ్బు. అయితే మొదటి ఏడాదిలో ఇది మామూలే. రెండో షెడ్డు తెరిచాక కూడా అలాగే ఉంటే మందు వేయాల్సిందే.

ఇంకొన్ని గుర్తులు ఉన్నాయి. ఒకే తప్పు మూడోసారి జరగడం. కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పడానికి ప్రతిసారీ ఒకే మనిషి రెండు వారాలు కూర్చోవాల్సి రావడం. ఒకే కస్టమర్‌కి ఇద్దరు రెండు రేట్లు చెప్పడం. నగదు పెట్టె తాళం ముగ్గురి దగ్గర ఉండటం. ఇలాంటివి కనపడితే ఆ పని ఒక్కదానికి రాతపూర్వకంగా పద్ధతి పెట్టాలి. కంపెనీ మొత్తానికి కాదు, ఆ పనికి మాత్రమే.

పని రాసిపెట్టడం అంటే ఏంటో చూడాలంటే తివాచీ మగ్గం చూడాలి. ఏలూరు తివాచీలకి ఒకప్పుడు పెద్ద పేరు ఉండేది. పర్షియా నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు ఈ పనిని ఇక్కడికి తెచ్చాయని చెబుతారు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్‌లో ఏలూరు తివాచీలు ప్రదర్శనకి వెళ్లాయి. తర్వాత చవక ధర ఎగుమతి ఆర్డర్లు, రసాయన రంగులు వచ్చి నాణ్యత పడిపోయింది, పేరూ దానితో పాటే తగ్గింది. ఎక్కువ సరుకు అడిగినప్పుడు "ఇంతకంటే తక్కువ నాణ్యతతో నేయం" అని గీత గీసే పద్ధతి లేకపోతే ఏమవుతుందో దానికి ఇదొక ఉదాహరణ. దీనికి పక్కన కాశ్మీర్‌ని పెట్టి చూడండి. అక్కడ డిజైన్‌ని 'తాలీమ్' అనే గుర్తుల భాషలో కాగితం మీద రాస్తారు. ఏ వరసలో ఏ రంగు ఎన్ని ముడులు వేయాలో అందులో ఉంటుంది. డిజైన్ గీసినవాడు మగ్గం దగ్గర లేకపోయినా నేతగాడు కాగితం చూసి నేస్తాడు. ఇప్పుడు మేనేజ్‌మెంట్ పుస్తకాలు ఎస్ఓపీ అంటున్నది అదే.

చట్టం అడిగే అంకెలు

ఇక్కడ మాత్రం అంకెలు తప్పవు. జీఎస్టీలో సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితే రిజిస్ట్రేషన్ కావాలి, సర్వీసులకి 20 లక్షలు. తెలంగాణలో సరుకులకి కూడా 20 లక్షలే. తాజా చేపలకి పన్ను లేదు కాబట్టి అవి మాత్రమే అమ్మేవాళ్లకి ఈ బాధ లేదు. అయితే చాలామంది ఒకచోట దెబ్బతింటారు. పన్ను ఉన్న సరుకు రాష్ట్రం దాటితే ఈ 40 లక్షల మినహాయింపు వర్తించదు, మొదటి అమ్మకానికే రిజిస్ట్రేషన్ ఉండాలి. చేతివృత్తుల వస్తువుల్లో కొన్నింటికి మాత్రం సడలింపు ఉంది. ఏలూరు నుంచి హైదరాబాద్‌కి పచ్చడి పంపినా ఇప్పుడు అది వేరే రాష్ట్రమే. పదేళ్లు దాటినా ఈ సంగతి కొందరికి ఇంకా ఒంటబట్టలేదు. టర్నోవర్ 5 కోట్లు దాటిన కంపెనీ మరో కంపెనీకి అమ్మితే ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి, 2023 ఆగస్టు 1 నుంచి.

తినే వస్తువు ఏదైనా సరే, ఇంట్లో చేసినా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్ కావాలి. 14 అంకెల ఆ నంబర్ ప్యాకెట్ మీద ఉండాలి. దీనికి టర్నోవర్ తక్కువ అన్న సాకు లేదు. చిన్నవాళ్లకి రిజిస్ట్రేషన్, పెద్దవాళ్లకి లైసెన్స్, అంతే తేడా.

మనుషుల విషయానికి వస్తే 10 అనేది గుర్తుపెట్టుకోవాల్సిన అంకె. పది మంది ఉంటే ఈఎస్ఐ వస్తుంది, 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకి. గ్రాట్యుటీ కూడా పది నుంచే. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ వేయాలని 2013 చట్టం చెబుతుంది, అదీ పది మంది నుంచే. ఈ చివరిది ఎక్కువమంది పట్టించుకోరు. ఆడవాళ్లు ఎక్కువగా పనిచేసే రొయ్యల శుభ్రం, ప్యాకింగ్ యూనిట్లలో అన్నింటికంటే ముందు కావాల్సింది ఇదే. 20 మంది దగ్గర ప్రావిడెంట్ ఫండ్ వస్తుంది. "తొమ్మిది మందినే చూపిద్దాం" అనే తెలివితేటలు ఐస్ క్రషర్‌లో ఒకరి చెయ్యి పడిన రోజు బయటపడతాయి. ఈఎస్ఐ ఉంటే ఆసుపత్రి, జీతం, పింఛను దారి ఉంటుంది. లేకపోతే ఆ కుటుంబానికి దారి లేదు, ఓనర్‌కి కేసు ఉంటుంది.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, ఆన్‌లైన్‌లో అయిపోతుంది. తయారీ, సర్వీసు చేసే సూక్ష్మ, చిన్న సంస్థలకి దీనివల్ల ఒక పెద్ద ఉపయోగం ఉంది. కొన్నవాడు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్టంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ. కొని అమ్మే ట్రేడర్లకి మాత్రం ఈ రక్షణ లేదు, వాళ్లకి ఉద్యమ్ బ్యాంకు లోన్ల వరకే పనికొస్తుంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐస్ ప్లాంట్లు, ఇన్సులేటెడ్ వాహనాలకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం సబ్సిడీ పెట్టారు. ఇలాంటివాటికి అప్లై చేసినప్పుడు పాత లెక్కలు అడుగుతారు. అప్పటికప్పుడు రాసిన లెక్కలు చూడగానే తెలిసిపోతాయి.

కాగితం ఉండి పద్ధతి లేకపోతే

రాతలు ఉన్నంత మాత్రాన పద్ధతి ఉన్నట్టు కాదు. కొల్లేరే దీనికి సాక్ష్యం. 1970ల రెండో సగంలో ప్రభుత్వం మత్స్యకారుల సహకార సంఘాలకి సరస్సులో చేపల చెరువులు ఇచ్చింది. సంఘం పేరు, సభ్యుల జాబితా, తీర్మానాల పుస్తకం అన్నీ ఉన్నాయి. కొన్నేళ్లకి చాలా చెరువులు నిజంలో బయటి పెట్టుబడిదారుల చేతికి లీజుల మీద వెళ్లిపోయాయి, సభ్యులు తమ చెరువు మీదే కూలీలయ్యారు. 1999లో జీవో 120తో ఐదో కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2002లో రామ్‌సార్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో గట్లు తెంచేశారు. నోటిమాట లీజు మీద డబ్బు పెట్టినవాడు ఆ రోజు ఏ ఆఫీసుకి వెళ్లి ఏం చూపిస్తాడు?

పెద్ద కంపెనీల్లోనూ అంతే. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు 7 వేల కోట్ల పైచిలుకు లెక్కలు తప్పని స్వయంగా లేఖ రాశారు. ఆ కంపెనీకి బోర్డు ఉంది, ఆడిటర్లు ఉన్నారు, అవార్డులు కూడా ఉన్నాయి. లెక్క రాసేవాడు, డబ్బు ముట్టుకునేవాడు, సరిచూసేవాడు, ఈ ముగ్గురూ నిజంగా వేరు కాకపోతే ఎన్ని రిజిస్టర్లున్నా ఫలితం ఉండదు. ఐదుగురున్న షెడ్డులో కూడా ఈ ముగ్గుర్నీ వేరు చేయొచ్చు. కాటా వేసేవాడు ఒకరు, డబ్బిచ్చేవాడు ఒకరు, సాయంత్రం సరిచూసేది ఇంట్లో చదువుకున్న కూతురైనా సరే.

మరీ ముందే పెడితే?

దీనికీ నష్టం ఉంది. నలుగురున్న స్టార్టప్‌లో హాజరు యాప్, సెలవుల పాలసీ, వారానికి మూడు మీటింగులు, నెలకి వేలల్లో చందా కట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి, అమ్మాల్సిన సరుకు ఏంటో ఇంకా తేలక మూతపడేవి తక్కువేం కాదు. సరుకే రోజూ మారుతున్నప్పుడు పద్ధతి రాసిపెట్టడమంటే తడి సిమెంటు మీద పేరు రాయడమే. ముందు ఒక పని పది సార్లు ఒకేలా చేయడం రావాలి, తర్వాతే రాయాలి. ల్యారీ గ్రైనర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1972లో రాసిన వ్యాసంలో కంపెనీలు పెరిగేటప్పుడు ఒక సంక్షోభాన్ని దాటడానికి పెట్టిన పద్ధతే తర్వాతి సంక్షోభానికి కారణం అవుతుందని చెప్పాడు. యజమాని ఒక్కడే చూడలేక మేనేజర్ల్ని పెడతాడు, వాళ్లకి స్వేచ్ఛ చాలక ఇస్తారు, అది చేయి దాటి కంట్రోల్ పెడతారు, కంట్రోల్ ముదిరి రెడ్ టేప్ అవుతుంది. అందుకే పెట్టిన ప్రతి రిజిస్టర్‌ని ఏడాదికోసారి చూసి, ఎవరూ తెరవనిదాన్ని మూసేయాలి. ఇది ఎవరూ చేయరు.

మొదలుపెట్టేటప్పుడు కొన్ని చిన్న విషయాలు తేడా తెస్తాయి. రూల్ రాసేది ఆ పని చేసే మనిషితో కూర్చుని రాయాలి, ఆడిటర్ ఆఫీసులో కాదు. తెలుగులో రాయాలి. ప్యాకింగ్ షెడ్డులో పనికి వచ్చినవాళ్లు బీహార్, ఒడిశా వాళ్లయితే బొమ్మలతో గోడకి అంటించాలి. ఒకేసారి ఒక్కటి, అది నెల రోజులు నిలిచాకే రెండోది. ఓనర్ కూడా ఆ రూల్‌కి లోబడాలి. ఆయన రసీదు లేకుండా పెట్టెలోంచి 5 వేలు తీసుకున్న రోజే ఆ రూల్ పోయింది.

పట్టుబడి జోరుగా ఉన్నప్పుడు, రంజాన్, సంక్రాంతి ఆర్డర్ల రద్దీలో కొత్త పద్ధతి పెడితే ఎవరూ పాటించరు. ఎండాకాలంలో చెరువులు ఎండగట్టి గట్లు సరిచేసుకునే రోజులుంటాయి. పాత బాకీలు ఇద్దరి సంతకాలతో తేల్చుకోవడానికి, కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవడానికి, కొత్త పుస్తకం తెరవడానికి అప్పుడైతే మనుషులూ దొరుకుతారు, టైమూ దొరుకుతుంది.